మోటారు కొనే ముందు బోరును కొలవండి

నర్సంపేటలో మాది మోటార్ల వైండింగ్ షాపు. బోర్ల దగ్గరికి పోయి మోటార్లు ఎత్తేది, దింపేది మా ఆయన. కాయిళ్లు చుట్టి స్లాట్లలో కూర్చేది నేను. కొత్తగా వచ్చినవాళ్లు "అన్న లేడా అక్కా?" అని ఆయన కోసం చూస్తారు. మోటారు విప్పి, అది ఎందుకు కాలిందో నేను చెప్పాక ఇక ఆయన్ని అడగరు. యాసంగి వరి పొట్టకొచ్చే రోజుల్లో షాపు ముందు ట్రాలీ ఆటోలు వరుసగా ఆగి ఉంటాయి. అవన్నీ పాతబడ్డ మోటార్లు అనుకునేరు. పోయినేడు కొన్నవీ ఉంటాయి. బోరుకు సరిపడనిది దింపడం, కరెంటు సక్కగా లేనప్పుడు నడపడం, ఈ రెండే నాకు పని పెడుతున్నాయి.

ఎన్ని హెచ్‌పీ?

"పక్క చెల్కల ఏడున్నర పెట్టిండు, మాకూ అదే ఇయ్యి" అనేవాళ్లే ఎక్కువ. బోరులో ఎన్ని నీళ్లు ఊరుతాయో అన్నే బయటికి వస్తాయి, హెచ్‌పీ పెంచితే కొత్తగా నీళ్లు పుట్టవు. ఊట తక్కువున్న బోరులో పెద్ద మోటారు దింపితే గంట సేపు ధారగా పోసి, ఆ తర్వాత గాలి కక్కుతుంది. మోటారును చల్లబరిచేది, లోపల షాఫ్టు తిరిగే బుష్‌లను తడిగా ఉంచేది ఆ నీళ్లే. అవి లేకుండా తిరిగితే ముందు బుష్‌లు, తర్వాత వైండింగ్ పోతాయి.

అందుకే ముందు రెండు కొలతలు తీసుకోండి. ఒకటి, నీళ్లు ఎంత లోతులో ఉన్నాయి. పొద్దున లేవగానే చూసే మట్టం కాదు, రెండు మూడు గంటలు మోటారు నడిచాక నీళ్లు దిగి నిలబడే మట్టం కావాలి. బోరులో పైపు పక్కన సందుంటే సన్న తాడుకు బోల్టు కట్టి వదిలి, తడిసినచోట నుంచి కొలవచ్చు. ఇది ఎండాకాలం కొలతే అయి ఉండాలి. పాకాల చెరువు నిండి ఉన్నప్పుడు ఆయకట్టులో ఏ బోరు కొలిచినా నీళ్లు పైనే కనిపిస్తాయి. రెండోది, ఎన్ని నీళ్లు వస్తున్నాయి. 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి ఫోన్‌లో టైమ్ చూడండి. 67 సెకన్లలో నిండితే సెకనుకు 3 లీటర్లు అన్నట్టు.

ఇప్పుడు లెక్క. నీళ్లు 180 అడుగుల్లో నిలబడ్డాయి అనుకుందాం, అంటే 55 మీటర్లు. పైన గట్టు ఎత్తు, పైపులో రాపిడి కలిపి ఇంకో 5 మీటర్లు వేస్తే మొత్తం హెడ్, అంటే నీళ్లను ఎత్తాల్సిన ఎత్తు, 60 మీటర్లు. సెకనుకు వచ్చే లీటర్లను ఈ మీటర్లతో గుణించి 75తో భాగించండి. 3 ఇంటూ 60, బై 75 అంటే 2.4. నీళ్లను ఎత్తడానికి నికరంగా కావలసింది ఇంతే. కానీ పంపు, మోటారు కలిసి మింగేది దాదాపు సగం ఉంటుంది కాబట్టి రెట్టింపు చేయండి. 4.8 వచ్చింది, కాబట్టి 5 హెచ్‌పీ. అదే బోరులో ఊట సెకనుకు లీటరున్నర మాత్రమే అయితే 3 హెచ్‌పీ చాలు. ఏడున్నర ఎందుకు?

స్టేజీల దగ్గర, అంటే పంపులో ఒకదాని మీద ఒకటి పేర్చిన నీళ్లు తోసే చక్రాల దగ్గర, ఇంకో పొరపాటు జరుగుతుంది. "స్టేజీలు ఎక్కువుంటే నీళ్లు ఎక్కువ" అని కొందరు అమ్మేస్తారు. ఒకే హెచ్‌పీ మోటారు మీద స్టేజీలు పెంచితే ఎక్కువ లోతు నుంచి ఎత్తగలదు, కానీ నీళ్లు తక్కువ పోస్తుంది. పంపు ప్లేటు మీద హెడ్ ఇంత నుంచి ఇంత వరకు అని రాసి ఉంటుంది. మీ 60 మీటర్లు ఆ రెంటి మధ్యలో పడాలి. 100 మీటర్ల హెడ్ కోసం చేసిన పంపును 40 మీటర్ల మీద నడిపితే అది ఉండాల్సినదానికన్నా ఎక్కువ నీళ్లు తోయబోయి ఎక్కువ ఆంప్స్ తీసుకుంటుంది. అప్పుడు అంతా "మోటారు వేడెక్కుతాంది" అని కంపెనీని తిడతారు.

మా దిక్కు వ్యవసాయ బోర్లకు ఆరించుల సబ్‌మర్సిబుల్, అదీ నీళ్లు నింపేది తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. కాలినా మళ్లీ చుట్టుకోవచ్చు, సామాను ఎక్కడైనా దొరుకుతుంది. ఆయిల్ మోటార్లు నాలుగించుల ఇంటి బోర్లకు సరే. ప్లేటు మీద ఐఎస్ఐ గుర్తు, దాని కింద ఐఎస్ 8034 అని ఉందో లేదో చూడండి, సబ్‌మర్సిబుల్ పంపుసెట్ల ప్రమాణం అదే. కరెంటు ఉచితం కదా, స్టార్ లేబుల్ మాకెందుకు అంటారు చాలామంది. బిల్లు లేకపోయినా ఎక్కువ స్టార్లున్న పంపుసెట్ అవే నీళ్లకు తక్కువ కరెంటు తీసుకుంటుంది. మీ ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు కూడా అంత మేరకు తగ్గుతుంది.

పాత మోట బావులున్నవాళ్లకు ఒక మాట. బోరు మోటారును తెచ్చి బావిలో వేలాడదీయకండి. బోరులో నీళ్లు మోటారు ఒంటిని రాసుకుంటూ పైకి పోతాయి, అందుకే అది చల్లగా ఉంటుంది. వెడల్పు బావిలో ఆ ఒరుపు ఉండదు. ఓపెన్‌వెల్ సబ్‌మర్సిబుల్ అని వేరే ఉంది, అది కొనండి.

కేబుల్, జాయింటు

మోటారుకు వేలు పోసి, కేబుల్ దగ్గర పిసినారితనం చేస్తారు. 5 హెచ్‌పీ సబ్‌మర్సిబుల్ తొమ్మిది, పది ఆంప్స్ తీసుకుంటుంది. 100 మీటర్ల వరకు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ సరిపోతుంది. 150 మీటర్లు పోతే 4 వేయండి. సన్న కేబుల్‌లో వోల్టేజీ దారిలోనే తరిగిపోతుంది. స్టార్టర్ దగ్గర 400 చూపించినా మోటారుకు 380 కూడా అందదు.

దింపే ముందు మోటారులో మంచినీళ్లు నింపాలి. బోరు బురద నీళ్లు వద్దు. పై బిరడా తీసి నెమ్మదిగా పోసి, షాఫ్టును చేత్తో తిప్పి, బుడగలన్నీ పోయేదాకా ఆగి, మళ్లీ పోయాలి. మా ఆయన నింపాక చాయ తాగి వచ్చి మళ్లీ చూస్తాడు. ఎప్పుడూ ఇంకో గ్లాసు పడుతుంది. లోపల గాలి మిగిలితే పైబుష్ తడి లేకుండా తిరుగుతుంది.

కేబుల్ జాయింటు మూడు తీగలకూ ఒకే చోట రాకుండా మెట్లు మెట్లుగా కోసి కలపాలి. మెలివేత గట్టిగా బిగించి, ముందు రబ్బరు టేపును సాగదీస్తూ సగం మీద సగం పడేలా చుట్టి, దాని మీద పీవీసీ టేపు వేయాలి. ఆ జాయింటును బకెట్ నీళ్లలో ముంచి, కాసేపు నాననిచ్చి, 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) తీగకూ ఆ నీళ్లకూ మధ్య, తీగకూ మోటారు బాడీకీ మధ్య చూడండి. కొత్త మోటారు ఎన్నో మెగోమ్‌లు చూపిస్తుంది. ఒక మెగోమ్ కన్నా తగ్గితే దింపకండి. 200 అడుగుల పైపులు మళ్లీ ఎత్తించే కూలీ కన్నా ఈ అరగంట చవక.

మోటారును బోరు అడుగుకు ఆనించకుండా పది, పదిహేను అడుగులు పైనే ఉంచాలి, లేకపోతే మన్ను లాగుతుంది. దింపాక నీళ్లు నీరసంగా వస్తే ముందు అనుమానించాల్సింది తిప్పుడు. ఫేజులు తారుమారైతే పంపు ఉల్టా తిరుగుతుంది. ఉల్టా తిరిగినా కొంచెం నీళ్లు వస్తాయి కాబట్టి "ఊట తగ్గింది" అనుకుంటారు. స్టార్టర్‌లో రెండు తీగలు మార్చి చూడండి. ఏ దిక్కున ఎక్కువ పోస్తే అదే సరైన దిక్కు.

మూడు ఫేజుల సంగతి

షాపుకు వచ్చే మోటార్లలో ఇదే పెద్ద భాగం కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మూడు ఫేజులతో తిరుగుతున్న మోటారుకు మధ్యలో ఒక ఫేజు పోతే, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు ఎగిరినా, జంపర్ ఊడినా, మోటారు వెంటనే ఆగదు. మిగిలిన రెండింటి మీదే తిరుగుతుంది. అప్పుడు ఆ రెండు తీగల్లో కరెంటు దాదాపు ఒకటిముప్పావు రెట్లు అవుతుంది. 9 ఆంప్స్ తీసుకునేది 15 తీసుకుంటుంది. నీళ్లు మాత్రం పోస్తూనే ఉంటాయి. మీరు మడి గట్టున ఉండి అంతా బాగుందనుకుంటారు.

ఇలా కాలిన మోటారు విప్పగానే తెలుస్తుంది. రెండు పోల్స్ మోటారులో కాయిళ్ల గుంపులు ఆరు ఉంటాయి. వాటిని కలిపే తీరు రెండు రకాలు, స్టార్, డెల్టా. స్టార్ కనెక్షన్ అయితే నాలుగు గుంపులు నల్లగా మాడి, ఎదురెదురుగా ఉన్న రెండు గుంపులు కొత్తవాటిలా మెరుస్తుంటాయి. డెల్టా అయితే తలకిందులు, రెండు మాడి నాలుగు బాగుంటాయి. ఆరింటికి ఆరూ ఒకే తీరుగా మాడాయంటే ఫేజు తప్పు కాదు. వోల్టేజీ తక్కువైనా, పంపు జామ్ అయినా, నీళ్లు లేక తిరిగినా అలా అవుతుంది. ఒకే చోట చిన్న బొక్క పడి, తీగ కరిగి ముత్యంలా ముద్దకట్టి ఉంటే ఇన్సులేషన్ అక్కడ చిరిగింది, లేదా పిడుగు కరెంటు దూరింది. మీ మోటారు ఏ షాపులో విప్పినా పక్కన నిలబడి ఇది చూడండి. కారణం తెలియకుండా చుట్టించుకుపోతే మళ్లీ అదే బోరులో, అదే స్టార్టర్ మీద, అట్లాగే కాలుతుంది.

స్టార్టర్ డబ్బా మీద మూడు బల్బులు వెలుగుతున్నాయి కదా అని నమ్మొద్దు. తిరుగుతున్న మోటారు తనే పోయిన ఫేజు మీద వోల్టేజీ పుట్టించి బల్బును వెలిగించగలదు. ఫేజు పోతే మోటారును ఆపడానికి ప్రివెంటర్లు ఉంటాయి, కానీ వోల్టేజీని మాత్రమే చూసే చవకవీ ఇలాగే మోసపోతాయి. కరెంటును చూసి కట్ చేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ తీసుకోండి. వాటిలో కొన్ని నీళ్లు లేకుండా తిరిగినప్పుడు ఆంప్స్ పడిపోవడం చూసి కూడా ఆపుతాయి, దొరికితే అదే మంచిది. కండెన్సర్ (కెపాసిటర్) పెట్టి రెండు ఫేజుల మీద మోటారు నడిపే తెలివి మా వైపు ఒకప్పుడు బాగా ఉండేది, ఇంకా అక్కడక్కడా ఉంది. దానివల్ల బాగుపడేది నా షాపే.

స్టార్టర్‌లో ఓవర్‌లోడ్ రిలే అని చిన్న చక్రం ఉంటుంది. ప్లేటు మీద 9.5 ఆంప్స్ ఉంటే దాన్ని 9.5కు మించి తిప్పొద్దు. నిజంగా నడిచేటప్పుడు 8.2 మాత్రమే తీసుకుంటుంటే 9 దగ్గర పెట్టడం ఇంకా మంచిది. మాటిమాటికీ ట్రిప్ అవుతోందని చక్రాన్ని చివరికి తిప్పేవాళ్లు, రిలేను దాటించి తీగ కలిపేవాళ్లు ఉన్నారు. రిలే కొట్టేస్తోందంటే అది ఏదో చెప్తోంది. దాని నోరు మూస్తే ఆ తర్వాత మాట్లాడేది కాలిన వాసనే.

కరెంటు రాగానే మోటారును తనే వేసే ఆటో స్టార్టర్ గురించి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని కరెంటోళ్లు ఊరూరా చెప్పారు. వాళ్లు చెప్పింది నీళ్లు వృథా పోతాయని, భూగర్భ జలం తరిగిపోతుందని. నా కారణాలు వేరే ఉన్నాయి. 25 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద ఐదు 5 హెచ్‌పీ మోటార్లు ఉంటే దాని శక్తి అక్కడికే సరి. కరెంటు పోయి రాగానే ఐదూ ఒకేసారి లేస్తే, ఒక్కొక్కటి మామూలుకు ఐదారు రెట్లు కరెంటు గుంజుతుంది. వోల్టేజీ కుప్పకూలి ఏదీ సరిగా లేవదు, ఫ్యూజు పోతుంది, మళ్లీ రెండు ఫేజుల కథ. పైగా మోటారు ఆగగానే పైపులోని నీళ్లు కిందికి జారుతూ పంపును ఉల్టా తిప్పుతుంటాయి. అప్పుడే స్టార్ట్ అయితే షాఫ్టు మీద దెబ్బ పడుతుంది. చేత్తో వేసేవాళ్లు కూడా ఆపాక రెండు మూడు నిమిషాలు ఆగి వేయండి. ఆటో లేకపోతే కుదరని దూరపు పొలమైతే ఆలస్యం చేసే టైమర్ తప్పకుండా పెట్టించండి, పక్కవాళ్లు, మీరు తలా ఒక టైమ్ పెట్టుకోండి.

మోటారుకు కెపాసిటర్ పెట్టమనేది కూడా కరెంటోళ్లు చెప్పేదే. 3 హెచ్‌పీకి 1 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత), 5కి 2, ఏడున్నరకు 3. అది లైన్‌లో, ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆంప్స్ తగ్గించి వోల్టేజీని నిలబెడుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు మాత్రం మీరు వేయకండి. లైన్‌మన్ రావడం ఆలస్యమవుతుంది, మడి ఎండుతుంటుంది, ఎవరికైనా టెన్షనే. అయినా వద్దు. ట్రాన్స్‌ఫార్మర్‌కు కరెంటు ఆపే ఏబీ స్విచ్‌ను కింద నుంచి లాగినా ఒక బ్లేడు అతుక్కుని ఉండిపోవచ్చు. ఆ ఒక్క ఫేజుతో పోయిన ప్రాణాలు మా మండలాల్లో ప్రతి ఊరికీ తెలుసు. స్టార్టర్ డబ్బా ఇనుముదైతే దానికి విడిగా ఎర్త్ వేయండి, తడి చేత్తో, వట్టి కాళ్లతో బటన్ నొక్కకండి.

టాంగ్ టెస్టర్ ఒకటి కొనుక్కోండి

ఊరికి ఒకటి ఉన్నా చాలు. తీగ చుట్టూ పట్టుకుంటే ఆంప్స్ చెప్తుంది. మోటారు దింపిన రోజే మూడు తీగలూ కొలిచి స్టార్టర్ తలుపు లోపల మార్కర్‌తో రాసి పెట్టండి. 8.2, 8.4, 8.3 ఇలా వస్తే మోటారు సుఖంగా ఉన్నట్టు. పక్కన ఫేజుల మధ్య వోల్టేజీ కూడా రాయండి.

ఒక తీగలో ఎక్కువ వస్తే తప్పు మోటారుదా, లైన్‌దా? స్టార్టర్ నుంచి మోటారుకు పోయే మూడు తీగలనూ ఒక్కో గడి (తీగ బిగించే చోటు) పక్కకు జరపండి. ఒకటి రెండులోకి, రెండు మూడులోకి, మూడు ఒకటిలోకి. ఇలా జరిపితే తిప్పుడు మారదు. మళ్లీ కొలవండి. ఎక్కువ కరెంటు ఆ తీగ వెంటే వచ్చిందంటే తప్పు మోటారులో లేదా కేబుల్‌లో ఉంది. తీగ మారినా అదే గడిలో ఎక్కువ ఉండిపోయిందంటే లైన్‌లో ఉంది, లైన్‌మన్‌కు చెప్పాలి. ఈ పరీక్ష చేయకుండానే బాగున్న మోటారును ఎత్తి నా దగ్గరికి తెస్తారు. వోల్టేజీలో కొంచెం తేడా ఉన్నా కరెంటులో దానికి ఆరు నుంచి పది రెట్ల తేడా వస్తుంది. 410, 400, 390 అని చూసి "పదే కదా తేడా" అనుకోవద్దు.

నెలల తరబడి చూస్తే ఆంప్స్ ఇంకా చాలా చెప్తాయి. మెల్లగా పెరుగుతుంటే బుష్‌లు అరుగుతున్నాయి, లేదా ఇసుక పట్టింది. తగ్గి నీళ్లు కూడా తగ్గితే ముందు ఊట తగ్గిందేమో చూడాలి.

గిర్నీలు, ఇళ్లు

కారం గిర్నీ, పిండి గిర్నీ మోటార్లకు శత్రువు దుమ్మే. వెనక ఫ్యాన్ మూత లోపల కారం గట్టిగా పేరుకుని గాలి ఆడదు. వారానికోసారి మెయిన్ ఆపి మూత తీసి బ్రష్‌తో దులపండి, నీళ్లు కొట్టకండి. వైండింగ్ ఉండాల్సిన వేడి కన్నా 10 డిగ్రీలు ఎక్కువ వేడితో రోజూ నడిస్తే దాని ఆయుష్షు సగమవుతుందని మా పనిలో లెక్క. బెల్టు మరీ బిగించొద్దు, పుల్లీ వైపు బేరింగ్ పోతుంది. బేరింగ్ కొనేటప్పుడు నంబరు చూడండి. 6205 అంటే చివరి 05ను ఐదుతో గుణిస్తే 25, లోపలి బొక్క 25 మిల్లీమీటర్లు. 6206 అయితే 30. గ్రీజు నిండా కూరొద్దు, ఖాళీలో సగం లోపే చాలు. ఎక్కువైతే అదే వేడెక్కిస్తుంది.

ఇంట్లో సంపు నుంచి రెండో అంతస్తు ట్యాంకుకు అర హెచ్‌పీ చాలు. వాడక చాలా రోజులైన మోటారు స్విచ్ వేయగానే గుయ్‌మని మోగి తిరగకపోతే వెంటనే ఆపండి. ప్లగ్ పీకి, ఫ్యాన్ వైపు షాఫ్టును స్క్రూడ్రైవర్‌తో తిప్పితే చాలాసార్లు వదులవుతుంది. చేత్తో తేలిగ్గా తిరుగుతూ కూడా లేవకపోతే కెపాసిటర్ పోయింది. పాతదాని మీద ఎన్ని మైక్రోఫ్యారడ్‌లు ఉంటే అన్నే ఉన్నది తేవాలి.

చుట్టించుకునేటప్పుడు

మా పనిలోనూ మోసాలున్నాయి, దాచడం ఎందుకు. పాత తీగ గేజీ ఎంత, ఒక కాయిల్‌కు చుట్లెన్ని అని అడిగి, కొత్తదీ అదేనా చూసుకోండి. సన్న తీగ వేస్తే రాగి మిగులుతుంది, అది మీకు కనబడదు. రాగి అని చెప్పి అల్యూమినియం వేస్తే చివర గీకితే తెల్లగా బయటపడుతుంది. పాత కాయిళ్లు తీయడానికి స్టేటర్‌ను (కాయిళ్లు కూర్చే ఇనుప రేకుల గూడు) ఎర్రగా మండించే షాపు అయితే ఇంకో చోటు చూసుకోండి. రేకుల మధ్య పూత కాలిపోతే, ఎంత మంచి తీగ వేసినా ఆ మోటారు వేడిగానే నడుస్తుంది. అయ్యాక మోటారు మూడు తీగల్లో రెండేసి మధ్య ఓమ్స్ సమానంగా ఉన్నాయా, మెగ్గర్ ఎంత చూపిస్తోంది, మీ ముందే కొలిచి చూపించమనండి.

మోటారు తెచ్చేటప్పుడు స్టార్టర్‌ను కూడా విప్పుకుని తెండి. మోటారుకు కరెంటు కలిపే, తీసే కాంటాక్టర్ లోపలి మూడు జతల పాయింట్లలో ఒకటి నల్లగా గుంతలు పడి ఉంటే, లైన్‌లో మూడు ఫేజులూ ఉన్నా మోటారుకు రెండే అందుతాయి. కొత్త పాయింట్లకు అయ్యే డబ్బు వైండింగ్ ఖర్చులో ఓ మూలకు వస్తుంది, మా దగ్గర కూర్చున్న చోటే మార్చి ఇస్తాం.